ఇల్లుబండికి జల్లెడ వాకిలి

మొన్న కంటి ఆపరేషన్‌కు పోయినప్పుడు ఆసుపత్రి గాజుతలుపు నన్ను చూసి తనంతట తానే తెరుచుకుంది. నేను లోపలికి అడుగు పెట్టగానే మళ్లీ తనంతట తానే మూసుకుంది. మనవరాలు చెయ్యి పట్టుకుని లాగుతున్నా నేను కదల్లేదు. ఉన్న మసక చూపుతోనే తల పైకెత్తి తలుపు చుట్టూ వెతుకుతూ నిలబడ్డాను.

"ఏం వెతుకుతున్నావు అమ్మమ్మా?"

"గుండు ఎక్కడ కట్టారా అని."

"ఏం గుండు?"

వెనక ఉన్నవాళ్లు దారి వదలమని విసుక్కుంటున్నారు. తర్వాత చెప్తాలెమ్మని లోపలికి నడిచాను. కరెంటుతో నడిచే తలుపని నాకు తెలియక కాదు. తనంతట తాను మూసుకునే తలుపు కనబడితే నేను గుండు కోసం వెతుకుతాను, అంతే. డెబ్బై ఏళ్ల అలవాటు అది. కన్ను మీద కట్టుతో ఆ రాత్రంతా పడుకోవాల్సి వచ్చింది కాబట్టి, చేసే పనేమీ లేక, మొత్తం మొదటి నుంచి తలచుకున్నాను.

అప్పుడు నాకు పది పదకొండేళ్లు ఉంటాయి. కర్నూలు మన రాజధాని అయిందని జమ్మలమడుగులో మా వీధి అరుగుల మీద పెద్దవాళ్లు మీసాలు తిప్పుకునే రోజులు. అరుగుల మీద కూర్చున్నవాళ్లలో కర్నూలు చూసినవాళ్లు ఒక్కరూ లేరు, అది వేరే సంగతి. మాది వడ్రంగం చేసే ఇల్లు. పొద్దున లేస్తే ఇంటి ముందు పందిట్లో చిత్రిక పట్టిన టేకు వాసన, పక్కింటి మగ్గాల నుంచి పులిసిన గంజి వాసన. రెండూ కలిసిన ఆ గాలి నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు.

మా నాయన తక్కువ మాట్లాడే మనిషి. మాట్లాడిన ఆ కొంచెంలో సగం తన గుండు గురించే ఉండేది. గుండంటే దారానికి కట్టి వేలాడదీసే ఇత్తడి తూకం గుండు. గోడ నిలువుగా ఉందా, దర్వాజా వాలిందా అన్నది దానితోనే తేలుతుంది. చిన్న వంకాయంత ఉండేది, చేతిలో పెట్టుకుంటే మాత్రం చెయ్యి కిందికి దిగిపోయేది. మా తాత చేతి గుండు అది. తాత నేను పుట్టకముందే పోయాడు. దసరాకు పనిముట్లన్నీ కడిగి వరుసగా పేర్చినప్పుడు మొదటి కుంకుమ బొట్టు గుండుకే. దాని దారాన్ని ఎవరూ దాటకూడదు, ఆడపిల్లలైతే ముట్టనే కూడదు. "మనిషి అబద్ధం చెప్తాడు, గుండు చెప్పదు" అనేవాడు నాయన.

అలాంటి గుండును నేను మేకల దొడ్డికి కట్టాను. కట్టనా మరి? దొడ్డి తడిక మూయడం నా పని. పాలు పిండడానికి పోయిన ప్రతిసారీ, ఆకు వేయడానికి పోయిన ప్రతిసారీ చేతులు నిండుగా ఉంటాయి, తడిక తెరిచే ఉంటుంది, మేకపిల్లలు వీధిలో ఉంటాయి. వాటి వెనక పరిగెత్తీ పరిగెత్తీ కాళ్లు పడిపోయేవి. ఒకరోజు నాయన పొరుగూరు పోయినప్పుడు గుండు దారాన్ని తడిక అంచుకు కట్టి, పక్కనున్న గుంజ పంగలోంచి అవతలికి వేలాడదీశాను. తడిక తోసుకుని పోతే గుండు పైకి లేచేది. తడిక వదిలేస్తే గుండు కిందికి దిగి దాన్ని లాక్కొచ్చి మూసేది. ఆ పూటంతా నేను అరుగు మీద మహారాణిలా కూర్చుని పచ్చి శెనక్కాయలు వొలుచుకుని తిన్నాను. నాయన రానే వచ్చాడు.

"మీ తాత గుండును మేకలకు కాపలా పెడతావా మే! కండ్లు నెత్తికెక్కినాయా నీకు?" అని వీపు మీద రెండు వేశాడు. గుండును పాలతో కడిగి లోపల పెట్టాడు. ఆ రాత్రి నేను బోర్లా పడుకున్నాను.

మా అవ్వ, అంటే నాయన తల్లి, ఆ పూట నన్ను దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది. చూపు లేదు కాబట్టి దెబ్బ ఎక్కడ తగిలిందో తడిమి వెతుక్కుంది. అవ్వకు రెండు కళ్లలోనూ తెల్లటి పొరలు. మూడేళ్లుగా వెలుతురు, చీకటి తప్ప ఏమీ తెలియదు. అంతకు ముందు ఆమె కళ్లంటే ఊరికి హడలు. వడ్రంగి పెండ్లాం, వడ్రంగి తల్లి. ఎవరింటికి పోయినా కుశలం అడక్క ముందే వాకిలి వైపు చూసి "వాలిండాది గదమ్మా" అనేది. పెళ్లిళ్లకు పిలవాలంటే భయపడేవాళ్లట. దారం పట్టి చూస్తే నిజంగానే నూలుపోగంత వాలి ఉండేది. నాయన ఒక్కడే ఆ మాట పడలేదు. ఆయన నిలబెట్టిన వాకిలికి అవ్వ ఏనాడూ వంక పెట్టలేదు. నాయనకు దానికి మించిన గొప్ప ఇంకోటి లేదు.

ఇప్పుడు అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని తడుముకుంటూ సంగటి కెలికేది, వేయించిన శెనక్కాయలతో ఊరుబిండి నూరేది. ఉప్పు వేశానో లేదో తెలియక రెండుసార్లు వేసేది. మేం నోరెత్తకుండా తిని నీళ్లు తాగేవాళ్లం. ఒకరోజు నేను ఉండబట్టలేక "ఉప్పు కసం, నోట పెట్టలేం" అనేశాను.  అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంటూ "సూపు లేనాక ఉప్పు రుచి కూడా పోతాదేమో మే" అంది. నా నోరు పడిపోతే బాగుండుననిపించింది.

శెనక్కాయలు పెరికే కాలం అది. వీధులన్నీ శెనక్కాయ కుప్పలు, వాటి మట్టి వాసన, కుప్పల మీద ఈగలు. ఆ ఈగల మధ్యలోకి ప్రొద్దుటూరు వైపు నుంచి ఒక జీపు ఒక ఇంటిని లాక్కుంటూ వచ్చింది.

నిజంగా ఇల్లే. రేకు గోడలు, గుండ్రటి కప్పు, చిన్న కిటికీలు, కింద రెండు చక్రాలు. యుద్ధం నాడు దొరలు పడుకోను చేయించుకున్న బండట. వాళ్లు పోతూ అమ్ముకుంటే మద్రాసు కంటి డాక్టరమ్మ కొనుక్కుని లోపల ఆపరేషన్ బల్ల వేయించింది. ఊరికి పది రోజుల చొప్పున తిరుగుతుంది. మేం దానికి ఇల్లుబండి అని పేరు పెట్టాం. పెన్న ఒడ్డున వాలు నేల మీద దాన్ని నిలబెట్టి, ముందువైపు కిందికి దిగకుండా రాళ్లు పెట్టారు. ఊరి పిల్లలందరం దాని చుట్టూ తిరిగి, రేకు మీద తట్టి, డ్రైవరు చేత తిట్లు తిని ఇంటికి వచ్చాం.

డాక్టరమ్మ అవ్వ కళ్లలోకి దీపం వేసి చూసింది. సన్నగా, పొడుగ్గా, తెల్ల చీరలో ఉండేది. మాట నెమ్మదిగా ఉండేది, కానీ ఒక్కసారి చెప్పిందంటే అంతే.

"శుక్లాలు బాగా ముదిరాయి. ఇప్పుడు తీస్తే చూపు వస్తుంది. ఇంకో ఏడాది ఆగితే లోపల చెడిపోతుంది, తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు" అంది.

"అట్లయితే ఈ పొద్దే తీయండమ్మా" అన్నాడు నాయన.

డాక్టరమ్మ బండి లోపలికి చెయ్యి చూపించింది. బల్ల మీద, గోడల మీద, ఉడకబెట్టిన పళ్లెం మీద ఈగలు. "తెరిచిన కంటి మీద ఒక్క ఈగ వాలినా ఆ కన్ను పోయినట్టే. రేకు తలుపు మూస్తే లోపల కుంపటి, ఊపిరాడదు, వెలుతురు ఉండదు. గుడ్డ కడితే గాలికి లేస్తోంది. గాలీ వెలుతురూ వచ్చి ఈగ రాని తలుపు కావాలి మేస్త్రీ. చేసిస్తే మీ అమ్మగారికే మొదటి ఆపరేషన్."

నాయన అట్లాంటి తలుపు చేసింది లేదు, చూసింది లేదు. ఇంటికి వచ్చి పందిట్లో తల పట్టుకుని కూర్చున్నాడు. గాలిని రానిచ్చేదాన్ని వాకిలని ఎట్లా అంటారో ఆయనకు అర్థం కాలేదు. అవ్వ పొయ్యి దగ్గర నుంచే అడిగింది.

"ఏందిరా అట్ల మూలుగుతాండావు?"

విషయం చెప్పాడు. అవ్వ పిండి జల్లిస్తోంది. జల్లెడ మీద రెండు తట్లు తట్టి, "దీన్ని నిలబెట్టి బందులు కొట్రా. పిండి పోతాది, పురుగు నిలస్తాది" అంది.

మర్నాడే నాయనా నేనూ బస్సెక్కి ప్రొద్దుటూరు పోయాం. అక్కడ అంగళ్ల వీధిలో జల్లెడలు కట్టే సాయిబు ఒకాయన ఉండేవాడు. నాయనకు పాత స్నేహం. జల్లెడల చట్రాలకు కొయ్య మా ఇంటి నుంచే పోయేది. ఆయన నన్ను చూసి కుశలం అడిగి, బెల్లం ముక్క చేతిలో పెట్టాడు.

"ఏం జల్లెడ కావాల మామా? పిండిదా, రవ్వదా?"

"ఈగలది" అన్నాడు నాయన.

సాయిబు కళ్లద్దాలు తీసి చూశాడు. "అరె, ఈగల్ని జల్లించి ఏం చేస్తావు మామా?"

సంగతి విన్నాక ఆయన నవ్వడం ఆపి పనిలో దిగాడు. నా చేతిలో బెల్లం లాక్కుని ఒక గిన్నెలో పెట్టాడు. దాని మీద ఒక్కొక్క రకం తీగల జల్లెడ బోర్లించి చూస్తూ కూర్చున్నాం. మొదటి దాంట్లో ఈగలు దర్జాగా దూరాయి. రెండో దాంట్లో పెద్దవి ఆగాయి, చిన్నవి దూరాయి. మూడోది రవ్వ జల్లెడ. ఈగలు దాని మీద వాలి, కాళ్లు రుద్దుకుని, బెల్లాన్ని చూస్తూ తిరుగుతున్నాయి, ఒక్కటీ లోపలికి పోలేదు. సాయిబు తొడ చరిచాడు.

"ఇదీ! మీ అమ్మ కండ్లకు కట్టే జల్లెడ ఇదే. ముడత లేకుండా లాగి నేనే కొలిచి ఇస్తా. ఆమె సూపొచ్చినాక నా జల్లెడ ఎట్లుండాదో సూసి చెప్పమను" అన్నాడు. నా బెల్లం మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఈగలు వాలిన బెల్లమని పారేశాడు. ప్రొద్దుటూరు తలచుకుంటే ఇప్పటికీ ముందు ఆ బెల్లమే గుర్తొస్తుంది.

తలుపు చేయడానికి నాలుగు రోజులు పట్టింది. పాత మంచం టేకు పట్టెలు కోసి, సన్నగా చిత్రిక పట్టి, మూలలు ఒకదాంట్లో ఒకటి దిగేటట్టు ఉలితో తొలిచి చట్రం కట్టాడు. నడుమ ఒక అడ్డపట్టె, కిందికి వాలకుండా మూల నుంచి మూలకు ఒక ఏటవాలు పట్టె. మామూలు వాకిలిలో నాలుగోవంతు బరువు లేదు. ఒంటి చేత్తో ఎత్తి, "ఇదేం వాకిలి, విసనకర్ర" అని తనే నవ్వాడు. జల్లెడను డోలు మీద తోలులాగా బిగించి అంచుల మీద సన్నపట్టెలు కొట్టాడు. అవ్వ దాని ముందు కూర్చుని ప్రతి మూలా వేలితో తడిమింది. గోరు దూరే సందు ఎక్కడా దొరకలేదు. జల్లెడకు ముఖం ఆనించి "గాలి తగులుతాందిరా" అంది.

ఇంటికి వాకిలి పెట్టేటప్పుడు యజమాని నక్షత్రం చూసి కొలత కట్టడం మా వాళ్ల పద్ధతి. నాయన పోయి డాక్టరమ్మ నక్షత్రం అడిగాడు. ఆమెకు తెలియదట. "నా నక్షత్రంతో పనేముంది మేస్త్రీ, లోపలికి వచ్చే ఈగల నక్షత్రం చూడండి" అందట. నాయనకు ఆ మాట నచ్చలేదు. ఎందుకైనా మంచిదని అవ్వ నక్షత్రానికే కట్టాడు.

ఇక నిలబెట్టడం. బండి గోడలో ఉన్న ఖాళీకి గుండు దారం పట్టి చూస్తే ఆ ఖాళీయే ఒక పక్కకు వాలి ఉంది. వాలు నేల మీద నిలబడిన బండి మరి. నాయన క్షణం కూడా ఆలోచించలేదు.

"బండి వాలితే వాలనీ. నా వాకిలి యాల వాలాల?" అన్నాడు.

తలుపు బిగించే కొత్త దర్వాజా చట్రాన్ని గుండుకు సరిగ్గా నిలువుగా నిలబెట్టి, బండి గోడకూ దర్వాజాకూ మధ్య మిగిలిన కోణపు సందులను కొయ్య చీలికలతో మూశాడు. తలుపు బయటికి తెరుచుకునేటట్టు బందులు కొట్టాడు. ఎక్కడ వదిలితే అక్కడ నిలబడింది. వేస్తే వెంట్రుక దూరే సందు లేకుండా మూసుకుంది. చూడవచ్చిన జనం శభాష్ అన్నారు. నాయన మీసం కింద నవ్వు నాకు కనిపించింది.

కానీ అప్పటికే డాక్టరమ్మ గడువు అయిపోయింది. మర్నాడు పొద్దున ఆమె పులివెందులకు కదలాలి. "అమ్మగారిని తీసుకుని అక్కడికి రండి. మొదటి ఆపరేషన్ అన్నాను, మాట తప్పను" అంది.

జొన్నరొట్టెలు, ఊరుబిండి మూట కట్టుకుని ముద్దనూరు మీదుగా బస్సులో పోయాం. అవ్వను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. దారి పొడుగునా "యాడికి వచ్చినాం? బయట ఏముండాది?" అని అడుగుతూనే ఉంది. కొంతసేపు ఉన్నవి చెప్పాను. ఉన్నవి అయిపోయాయి. బండలూ తంగేడు చెట్లూ ఎన్నిసార్లని చెప్పేది? అందుకని ఏనుగుల మంద పోతోందన్నాను, మూడంతస్తుల మేడ ఉందన్నాను. అవ్వ నోరు తెరుచుకుని వింది. బస్సులో జనం నవ్వితే తెలిసిపోయింది.

"కండ్లు రానీ మే, తిరుగు బస్సులో నీ ఏనుగుల్ని లెక్కబెడతా" అని నా చెవి మెలిపెట్టింది.

పులివెందులలో ఇల్లుబండి బడి ఆవరణలో, చదునైన నేల మీద నిలబడి ఉంది. దూరం నుంచే నాయన నడక ఆగిపోయింది. తలుపు బార్లా తెరుచుకుని గోడకు ఆనుకుని ఉంది. దగ్గరికి పోయి మూశాడు. వదిలితే మెల్లగా తెరుచుకుని మళ్లీ గోడకు పోయి ఆనింది. ఇంకోసారి మూశాడు. అదే వరస. లోపల ఈగల మోత.

"పొద్దున్నుంచీ ఇంతే మేస్త్రీ" అంది డాక్టరమ్మ మెట్టు మీద నిలబడి. "కొక్కెం పెడదామంటే, లోపలికి వచ్చీ పోయే నర్సు పిల్లలకు రెండు చేతుల్లోనూ ఉడకబెట్టిన సామాన్లుంటాయి. కొక్కెం ముట్టిన చేత్తో అవి ముట్టకూడదు."

నాయన గుండు తీసి దారం పట్టాడు. జమ్మలమడుగులో నిలువుగా నిలబడిన దర్వాజా ఇక్కడ బందుల వైపుకు రెండు వేళ్ల మేర వాలి ఉంది. నాయన దారం వదిలి మళ్లీ పట్టి చూశాడు. నలభై ఏళ్ల మనిషి, వందల వాకిళ్లు నిలబెట్టినవాడు. ఆయన వాకిలి వాలడం ఆయన చూడడం అదే మొదటిసారి. ఇల్లన్నది కదలదు కదా. గుండుకు నిలబెడితే మనవలు ముసలివాళ్లయ్యే దాకా నిలబడుతుంది. కదిలే ఇంటికి గుండు మాట విని వాకిలి పెట్టకూడదని ఏ తాత చెప్తాడు, ఏ తండ్రి నేర్పుతాడు?

"ఒక్క రోజు గడువియ్యండమ్మా, పీకి సరిగ్గా పెడతా" అన్నాడు.

"ఇక్కడికి సరిగ్గా పెడతారు. తర్వాత నేను కదిరికి పోతే? అక్కడి నేల వేరు. బండిలోకి ముగ్గురు ఎక్కితే చక్రాలు కుంగి అదే వాలుతుంది. రేపు మధ్యాహ్నం దాకా చూస్తాను మేస్త్రీ. అప్పటికీ ఇట్లాగే ఉంటే ఇక్కడ కళ్లు తెరవను. మందులిచ్చి వెళ్లిపోతాను. మళ్లీ వచ్చేది వచ్చే ఏడు."

వచ్చే ఏటికి అవ్వ కళ్లు ఏమవుతాయో ఆమె ముందే చెప్పింది. బడి వరండాలో ఆపరేషన్‌కు వచ్చినవాళ్లు పాతిక ముప్పై మంది గోడకానుకుని వరసగా కూర్చుని ఉన్నారు. అందరి ముఖాలూ మాట వినిపించే వైపుకు తిరిగి ఉన్నాయి. అవ్వ కూడా విన్నది. రొట్టెల మూట ముడి విప్పుతూ, మళ్లీ వేస్తూ కూర్చుంది.

నాయన చింతచెట్టు కింద కూలబడ్డాడు. గుండు దారం ఆయన వేళ్లకు చుట్టుకుని ఉంది. పులివెందుల గాలి సంగతి తెలిసిందే, ఆయన పైపంచ ఎగిరి ముఖం మీద కొడుతోంది. ఆ గాలిలో కూడా గుండు కాస్త ఊగి మళ్లీ నేల వైపుకే నిలబడుతోంది. నేను దాన్నే చూస్తున్నాను. ఉన్నట్టుండి నా వీపు మీద ఆ రెండు దెబ్బలూ చుర్రుమన్నాయి.

"నాయనా, బండి యాడ నిలబడినా గుండు కిందికే గదా పోయేది?"

"పోమ్మే అవతలికి."

"మేకల దొడ్డికి కట్టినట్టు కడితే..."

నాయన తలెత్తాడు. అర్థమైంది ఆయనకు. నేను మాట పూర్తి చేయక ముందే అర్థమైంది. అర్థమైంది కాబట్టే కోపం వచ్చింది. "మా నాయన చేతి గుండది. పూజ చేసుకునే గుండు. దాన్ని ఊరూరా తిరిగే రేకుల బండి వాకిలికి కట్టి బంట్రోతు పని చేయించాల్నా?"

వేరే రాయో రప్పో కడదామనే బుద్ధి ఆయనకూ నాకూ తట్టలేదు. అంటే, తట్టింది. డ్రైవరు ఒక గుండ్రాయి తెచ్చిచ్చాడు. కట్టి చూస్తే అది దర్వాజాకు గీరుకుని, దారంలోంచి జారి డ్రైవరు కాలి మీదే పడింది. గుండు అట్లా కాదు. దారం దాని నడినెత్తిన ఉన్న బెజ్జంలోంచి పోతుంది. సన్నగా, నున్నగా, ఎక్కడా తగలకుండా దిగుతుంది. దిగడానికే పుట్టింది అది.

అప్పుడు అవ్వ పిలిచింది. "రేయ్, ఇట్ల రా. గుండు నా చేతికియ్యి."

నాయన పోయి ఆమె చేతిలో పెట్టాడు. అవ్వ దాన్ని రెండు చేతులతో తడిమింది. బుగ్గకు ఆనించుకుంది.

"మీ నాయన దీన్ని పట్టుకుని ఎన్ని వాకిండ్లు నిలబెట్టినాడో నాకు తెలుసు. బతికుంటే నా కండ్ల కోసం తానే ఆ వాకిలి పట్టుకుని నిలబడునురా, తెరిసేవాళ్లకు తెరుస్తా, మూస్తా. గుండు నిలబడితే తప్పేంది? కట్టుపో."

నాయన కళ్లు తుడుచుకుని లేచాడు. నా వైపు చూసి, "మేకల దొడ్డికి ఎట్ల కట్టినావో సూపియ్యి మే" అన్నాడు. మా నాయన నన్ను పని అడిగాడు! నాలుగు ఊళ్లలో పేరున్న మేస్త్రీ నన్ను అడిగాడు. నేల మీద నా కాళ్లు ఆనలేదు.

గుంజ పంగ బదులు మగ్గానికి వాడే చిన్న కొయ్య గిలక దొరికింది. పులివెందులలో ఒక సాలె ఇంటికి పరిగెత్తి అడుక్కొచ్చాను. తలుపు పై అంచు చివర దారం కట్టి, దర్వాజా నెత్తిన లోపలి వైపు గిలక బిగించి, దాని మీదుగా గుండును లోపలికి దించాం. నాయన తలుపును పూర్తిగా తెరిచి వదిలేశాడు.

గుండు దిగింది. తలుపు వచ్చింది. టక్ అని మూసుకుంది.

డాక్టరమ్మ తెరిచింది. టక్. భుజంతో తోసి లోపలికి పోయింది. టక్. మోచేత్తో తోసి బయటికి వచ్చింది. టక్. ఆమెకు నమ్మకం కుదరలేదు. డ్రైవరును పిలిచి జాకీ పెట్టి బండిని ఒక వైపు లేపించింది. టక్. దించి ఇంకో వైపు లేపించింది. కాస్త నెమ్మదిగా వచ్చింది, కానీ వచ్చింది. టక్. ఆ శబ్దం విని వరండాలో గోడకానుకుని కూర్చున్న ముసలివాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. వాళ్లకు తలుపు కనబడదు, గుండు కనబడదు. "మూసుకునిందా? మూసుకునిందా?" అని అడుగుతున్నారు. ఒక తాత "మళ్లీ ఒకసారి కొట్టు అప్పా, ఇననీ" అన్నాడు. నాయన తెరిచి వదిలాడు. టక్. అందరూ ఒక్కసారిగా ఈలలు, కేకలు. ఆ అరుపుకు చుట్టుపక్కల ఇళ్లలో ఉన్నవాళ్లంతా వీధిలోకి వచ్చారు.

డాక్టరమ్మ నా గడ్డం పట్టుకుని, "ఎవరమ్మా నీకు ఇది నేర్పింది?" అంది.

"మేకలు" అన్నాను.

మర్నాడు పొద్దున మొదటి ఆపరేషన్ అవ్వకే జరిగింది. ఆ రోజుల్లో ఇప్పటిలాగా గంటలో లేచి కాఫీ తాగడం లేదు. తలకు రెండు వైపులా ఇసుక మూటలు పెట్టి, కళ్లకు కట్టు కట్టి, కదలకుండా పడుకోబెట్టారు. బడి వరండాలో వరసగా చాపలు, వరసగా కట్లు. అవ్వకు గంజి తాగించడం నా పని. బండి తలుపు పొద్దుగూకే దాకా టక్ టక్ అంటూనే ఉండేది. అది విన్నప్పుడల్లా అవ్వ పెదవులు కదిలేవి. మూడో రోజు చెవి పెట్టి విన్నాను.

"మీ తాత పని చేస్తాండాడు" అంటోంది.

నాయనకు మాత్రం నిద్ర లేదు. దర్వాజా ఇంకా వాలే ఉంది. అవ్వ కట్టు విప్పేలోపల సరిచేస్తానని రోజూ ఉలి పట్టుకుని పోతాడు. "పని నడుస్తున్న తలుపు మీద చెయ్యి వేయొద్దు మేస్త్రీ" అని డాక్టరమ్మ రోజూ తరిమేస్తుంది. లోపల రోజుకు నలుగురైదుగురి కళ్లు తెరుస్తోంది ఆమె.

ఎనిమిదో రోజు అవ్వను నడిపించుకుని బండిలోకి తీసుకుపోయి బల్ల మీద కూర్చోబెట్టారు. నాయనా నేనూ తలుపు బయట మెట్టు మీద నిలబడ్డాం, జల్లెడలోంచి చూస్తూ. డాక్టరమ్మ కట్టు పొరలు పొరలుగా విప్పింది. దూదితో రెప్పలు తుడిచింది. మందమైన అద్దం ఒకటి అవ్వ కంటి ముందు పట్టి, "మెల్లగా తెరవండి. ఏం కనబడుతోంది?" అంది.

అవ్వ కళ్లు తెరిచింది. మా వైపే చూసింది.  నాయన నా భుజం ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే రెండు రోజులు నొప్పి పెట్టింది. అవ్వ తల ఒక పక్కకు వంచింది, మళ్లీ ఇంకో పక్కకు వంచింది.

"రేయ్," అంది. "వాకిలి వాలిండాది గదరా!"

నాయన మెట్టు మీదే కూర్చుండిపోయి గట్టిగా ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు. "వాలిండాదమ్మా! వాలిండాది! రెండు వేళ్లు వాలిండాది!" అని అరుస్తూ లేచి వరండాలో కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. తన పనిలో తప్పు దొరికిందని అంత సంబరపడిన వడ్రంగిని నేను మళ్లీ చూడలేదు. డాక్టరమ్మ పక్కకు తిరిగి కళ్లద్దాలు తుడుచుకుంది.

తిరుగు బస్సులో అవ్వ కొత్త కళ్లద్దాలతో కిటికీలోంచి తల బయటపెట్టి కూర్చుంది. ముద్దనూరు దాటినా లోపలికి తీయలేదు. "ఏనుగులు యాడ మే?" అని అడిగింది. ఇంటికి పోయాక ఊరుబిండి నూరింది. ఉప్పు సరిగ్గా సరిపోయింది. జల్లెడ ఎట్లుందో చెప్పడానికి తనే ప్రొద్దుటూరు పోయొచ్చింది.

గుండు బండితోనే పోయింది. డాక్టరమ్మ ఇనుప గుండు తెప్పిస్తానంటే నాయన వద్దన్నాడు. "ఇంకా శానామంది ఉండారు గదమ్మా, పనిలో ఉండేదాన్ని ఇప్పుకోను" అన్నాడు. తర్వాత ఏ ఊళ్లు తిరిగిందో, ఎంతమంది కళ్లకు కాపలా ఉందో తెలియదు. ఇల్లుబండి మళ్లీ మా వైపు రాలేదు. నాయన కొత్త గుండు కొనుక్కున్నాడు. కానీ దసరాకు పనిముట్లు పేర్చినప్పుడు వరసలో మొదటి చోటు ఖాళీగా వదిలి, ఆ ఉత్త పలక మీద కుంకుమ బొట్టు పెట్టేవాడు. ఆ బొట్టు ఇకమీదట నువ్వే పెట్టమని ఆ ఏడే నా చేతికి కుంకుమ భరిణె ఇచ్చాడు. పెళ్లయి వచ్చేదాకా నేనే పెట్టాను.

ఇవన్నీ తలచుకుంటూ ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. పొద్దున నర్సు వచ్చి కట్టు విప్పింది. దూదితో రెప్ప తుడిచి, "మెల్లగా తెరవండి అమ్మమ్మా. ఏం కనబడుతోంది?" అంది. మనవరాలు ఫోను పట్టుకుని నా ముఖానికి ఎదురుగా నిలబడి ఉంది, నేను ముందు తననే చూస్తానని.

నేను దాని భుజం మీదుగా గది తలుపు వైపు చూశాను. తల ఒక పక్కకు వంచాను, మళ్లీ ఇంకో పక్కకు వంచాను.

"నూలుపోగంత వాలిందమ్మా" అన్నాను.